ముందు సీట్లో పిన్ని

మొన్న ఆదివారం పొద్దున్న బోడసకుర్రు వంతెన మీదికి సైకిలు ఎక్కిస్తున్నాను. మా కోనసీమలో వంతెనలే కొండలు. అరచెయ్యి పరిచినట్టుండే ఈ నేల మీద సైకిలు తొక్కేవాడికి ఆయాసం తెలియాలంటే ఏదో ఒక గోదావరి పాయ అడ్డం రావాలి. సగం ఎక్కానో లేదో, వెనకనుంచి నలుగురైదుగురు కుర్రాళ్ళు, ఒంటికి అతుక్కుపోయిన రంగు బనీన్లూ నల్లకళ్ళద్దాలూ వేసుకుని, వేలంత సన్నటి టైర్ల సైకిళ్ళ మీద చప్పుడు లేకుండా వచ్చి నన్ను దాటిపోయారు. ఆఖరి కుర్రాడు మాత్రం కాస్త నెమ్మదించి, నా బండిని ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఒకసారి చూసి, "గేర్లు పనిచెయ్యట్లేదా అంకుల్, మీరే మార్చట్లేదా అండి?" అని అడిగాడు. వెటకారం ఏమీ లేదు. ఆసుపత్రిలో రోగిని పలకరించినట్టు ఎంతో దయగా అడిగాడు. నేనే మార్చట్లేదన్నాను. "ఆయ్, జాగ్రత్తండి" అని వెళ్ళిపోయాడు. నేను వంతెన నడిమికి చేరి, బండిని పిట్టగోడకి ఆనించి, కింద వైనతేయ మీద ఎండ పాకుతుంటే చూస్తూ చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. సైకిలు తొక్కేవాడు సైకిలు తొక్కేవాడి మీద చూపించే ఆ దయని మా ఊరికి మొదట తెచ్చినవాడు మా బాబాయే.

బాబాయి అంటే మా నాన్నగారి ఆఖరి తమ్ముడు. నాకంటే కొద్ది ఏళ్ళే పెద్ద. మస్కట్‌లో చాలాకాలం ఉద్యోగం చేసి, అక్కడి సెలవురోజుల్లో తెల్లవాళ్ళతో కలిసి ఎడారి రోడ్ల మీద సైకిలు తొక్కడం మరిగాడు. అందరూ గల్ఫ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు బంగారం తెస్తే మా బాబాయి మనిషంత పొడుగు అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. అందులోంచి గుడ్డల్లో చుట్టిన ముక్కలు ఒక్కొక్కటే తీసి బిగిస్తే, గొర్రెపొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలుతో ఒక నల్లటి సైకిలు తయారైంది. అమలాపురంలో అలాంటిది అదే మొదలు. ఇంటికి ఎవరు వచ్చినా, మంచినీళ్ళు ఇవ్వడానికి ముందే బాబాయి దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి చూపించేవాడు. అది హాల్లో ఫ్యాను కింద ఉండేది. దానికి స్టాండు లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు, వెనక క్యారియరు లేదు. ఎందుకు లేవని ఎవరైనా అడిగితే బాబాయి ముఖంలో ఒక జాలి కనబడేది. స్టాండు ఉన్నది సైకిలు కాదని, మంచమని ఆయన సిద్ధాంతం.

ఆయన చలవ వల్ల ఊళ్ళో సైకిలు పిచ్చి మొదలైంది. పొద్దున్నే గడియారస్తంభం దగ్గర చేరేవాళ్ళు పదిమందీ పాతికమందీ అయ్యారు. వాట్సాప్‌లో గ్రూపు వచ్చింది, ఒకే రంగు బనీన్లు వచ్చాయి, వాటితోపాటు అంతస్తులూ వచ్చాయి. అందరికంటే పైన సన్నటైర్ల వాళ్ళు: బాబాయి, పిల్లల డాక్టరుగారు, ఇంకో ముగ్గురు. వాళ్ళ కింద లావుటైర్ల గేరు సైకిళ్ళ వాళ్ళు. కొండలెక్కడానికి చేసిన ఆ బండ్లు కొండన్నదే లేని చోట ఎందుకని సన్నటైర్ల వాళ్ళు వీళ్ళని చూసి నవ్వేవారు. వీళ్ళు మళ్ళీ గేర్లు లేని మామూలు సైకిళ్ళ వాళ్ళని చూసి నవ్వేవారు. నేను గేర్లు ఉన్నా మార్చడం చేతకాని వాణ్ణి కాబట్టి సైకిళ్ళలో మధ్యతరగతి. ఇక రిటైరైన డిప్యూటీ తహసీల్దారుగారొకరు బ్యాటరీ సైకిలు కొనుక్కుని వచ్చారు. ఆయన్ని అన్ని తరగతుల వాళ్ళూ ఏకమై చిన్నచూపు చూశారు. గ్రూపులో ఐకమత్యం కనిపించింది ఆ ఒక్క విషయంలోనే. కొన్నాళ్ళకి సన్నటైర్ల వాళ్ళు విడిగా ఇంకో గ్రూపు పెట్టుకున్నారు. ఇన్ని తగాదాలు పడుతూ మేం పోతుంటే, రోడ్డు పక్కనే కొబ్బరికాయల మోపులు కట్టుకుని వెళ్ళేవాళ్ళూ, చేపల బుట్టలవాళ్ళూ, బడికి పోయే ఆడపిల్లలూ మామీద దుమ్ము లేపుకుంటూ సైకిళ్ళ మీదే పోతుండేవారు. వాళ్ళు ఏ తరగతో మాలో ఎవరూ ఆలోచించిన పాపాన పోలేదు.

ఆ లెక్కన మా పిన్నిది ఏ తరగతీ కాదు. బాబాయి భార్య, ఆత్రేయపురం ఆడపడుచు. పూతరేకులు తీసే ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు శనివారం శనివారం రేకుల డబ్బా వెనక క్యారియరుకి కట్టుకుని, కాలవగట్టు మీదుగా వాడపల్లి వెంకన్న గుడి దాకా తొక్కుకెళ్ళి అమ్మకానికి ఇచ్చి వచ్చేదట. పూతరేకు సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, గట్టిగా ఊపిరి తగిలితే విరిగిపోతుంది. ఆ గట్టు మీద గుంటలన్నీ దాటి రేకు విరక్కుండా తీసుకెళ్ళేదని వాళ్ళమ్మగారు చెబితే విని మేం మరిచిపోయాం. అమలాపురంలో పిన్నికి ఒక ఆకుపచ్చ లేడీస్ సైకిలు ఉండేది. ముందు బుట్ట, బుట్టలో వంకాయలూ తోటకూరా. దాన్ని బాబాయి తట్టబండి అనేవాడు. తన సైకిలు ఉన్న హాలులోకి కాదు కదా, వీధివసారాలోకి కూడా రానిచ్చేవాడు కాదు. వానాకాలమంతా అది పెరట్లో చూరు నీళ్ళ కింద తడిసేది. పిన్ని ఎప్పుడూ ఏమీ అనేది కాదు. సీటుకి ప్లాస్టిక్ సంచి తొడిగి ఊరుకునేది.

ఇలా ఉండగా బాబాయికి చిన్నచిన్న ప్రమాదాలు మొదలయ్యాయి. ఒకరోజు రోడ్డువార కొబ్బరి డొక్కల కుప్పని గుద్దుకున్నాడు. ఇంకోరోజు పక్కనుంచి వచ్చిన పాలబ్బాయిని తగిలి ఇద్దరూ పడ్డారు. తప్పంతా పాలబ్బాయిదే అని గ్రూపులో పెద్ద వ్యాసం రాశాడు, మామూలు సైకిళ్ళ వాళ్ళకి రోడ్డు మర్యాద తెలియదని. నమ్మాం. మరి కొన్నాళ్ళకి ముమ్మిడివరం రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు అంటుకుని వేగంగా పోతుండగా, పక్కకి వచ్చిన డాక్టరుగారి చక్రానికి తన చక్రం తగిలించాడు. నలుగురు పడ్డారు. డాక్టరుగారికి మెడకింద ఎముక విరిగింది. డాక్టరుగారు మర్యాదస్తులు, ఒక్క మాట అనలేదు. కానీ ఆ తరవాత సన్నటైర్ల గ్రూపులో, రేపు ఎన్ని గంటలకి ఎక్కడనుంచి బయల్దేరేదీ రాయడం మానేశారు. ఫోన్లలో చెప్పుకునేవారు. బాబాయి బనీను వేసుకుని గడియారస్తంభం దగ్గరికి వచ్చి నిలబడేవాడు. మేం లావుటైర్ల వాళ్ళం వెళ్తూ రమ్మంటే, వాళ్ళు వచ్చేస్తారు, మీరు పదండి అనేవాడు. అలా ఒక్కడూ చేతిగడియారం చూసుకుంటూ నిలబడటం నేను ఎన్నోసార్లు చూశాను.

చివరికి రాజమండ్రి కంటాసుపత్రికి పిన్నే తీసుకెళ్ళింది, నేను కూడా వెళ్ళాను. నీటికాసులు, అదే గ్లకోమా అన్నారు. చూపు పక్కలనుంచి ఎప్పుడో తినేసిందని, మిగిలింది బొప్పాయి గొట్టంలోంచి చూసినంత మేరేనని, అదికూడా నెమ్మదిగా మూసుకుపోతుందని, మందులతో ఆలస్యం చెయ్యగలంగాని ఆపలేమని ఆ డాక్టరమ్మ చాలా నెమ్మదిగా చెప్పింది. బాబాయి ఆమెని ఒకే ప్రశ్న అడిగాడు, సైకిలు సంగతేమిటని. ఆమె తల అడ్డంగా ఊపింది. పక్కలు కనబడని బాబాయికి ఎదురుగా ఉన్న ఆ ఊపడం మాత్రం చక్కగా కనబడింది.

ఆ తరవాత ఆయన ఇంట్లోంచి కదల్లేదు. మనిషి పెద్దగా బాధపడ్డట్టు కూడా కనబడలేదు. హాల్లో సైకిలు పక్కన కుర్చీ వేసుకుని, చక్రాన్ని చేత్తో తిప్పి అది ఆగేదాకా ఆ టకటకలు వినేవాడు. ఆగాక మళ్ళీ తిప్పేవాడు. అన్నం పిలిస్తే వచ్చేవాడు, లేకపోతే లేదు. ఒకరోజు నన్ను పిలిచి, ఈ సైకిలు ఎవరికైనా ఇచ్చెయ్యరా, ఇంట్లో అడ్డంగా ఉంది అన్నాడు. పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. మర్నాడు తన ఆకుపచ్చ సైకిలు తొక్కుకుంటూ కాలవ అవతల రిక్షాబండ్లు కట్టే వెల్డింగు షాపుకి వెళ్ళింది. తోడు నన్ను రమ్మంది. పాతసామాన్ల కొట్లో ఒక మగవాళ్ళ సైకిలు కొని, దాని ముందు సగం కోసేసి, మిగిలింది తన సైకిలు వెనక అతికించమంది. రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు, రెంటికీ కలిపి చైను. ఆ షాపతను సుద్దముక్కతో నేలమీద బొమ్మ గీసుకుని, "ముందెవరు కూచుంటారండీ?" అన్నాడు. "నేనేనండి" అంది పిన్ని.

బండి ఇంటికి వచ్చిన రోజు బాబాయి దాన్ని చేత్తో తడిమి చూశాడు. హ్యాండిలు తడిమాడు. బుట్ట తగిలింది. బెల్లు తగిలింది. వెనక స్టాండు తగిలింది. తను జీవితమంతా ఏవేవి సైకిలుకి ఉండకూడదన్నాడో అవన్నీ ఒకచోట చేరి ఉన్నాయి. చెయ్యి తీసేసి కుర్చీలో కూర్చుని, దీనిమీద ఎక్కితే లోకం నవ్వుతుందన్నాడు. పిన్ని అప్పుడు అన్న మాట నేను ఈ జన్మకి మరిచిపోలేను. గొంతు పెంచలేదు, దగ్గరికి కూడా వెళ్ళలేదు, తోటకూర గిల్లుకుంటూనే అంది.

"లోకం నవ్వితే మీకు కనపడదు కదండీ. కనపడేది నాకు. నాకు పర్లేదు."

 ఎవరూ లేని వేళ అయితే సరే అన్నాడు బాబాయి. అలాంటి వేళ మా ఊళ్ళో ఒక్కటే, భోజనాలయ్యాక అందరూ కునుకు తీసే మిట్టమధ్యాహ్నం. ఆ ఎండలో ముగ్గురం చల్లపల్లి వైపు కాలవగట్టు మీదికి వెళ్ళేవాళ్ళం. నా పని పడ్డప్పుడల్లా లేపడం. పడేవారు, బాగా పడేవారు. ఒకసారి గట్టు దిగి అరటితోటలోకి పోయారు. వెనక కూర్చుని కూడా బాబాయి ఊరుకునేవాడు కాదు, కాలు ఇలా తొక్కు, నడుము అలా వంచు అని పాఠం చెబుతూనే ఉండేవాడు. దానికి తోడు, ఆ గొట్టమంత చూపులో హఠాత్తుగా ఒక చెట్టో గేదో కనబడగానే కంగారుపడి అటో ఇటో ఒరిగేవాడు. ఆయన ఒరిగితే బండి ఒరిగేది. ఒకరోజు అలాగే పడి, పిన్ని మోచెయ్యి చీరుకుపోయింది. కొంగుతో రక్తం ఒత్తుకుంటూ గట్టుమీద కూర్చుని, "ఏమండీ, మిగిలిన ఆ కాస్త చూపే మనల్ని పడేస్తోందండి. తొక్కినంతసేపూ కళ్ళు మూసుకోండి" అంది.

ఆయన ఆ చూపుని ఎలా దాచుకుంటున్నాడో నాకు తెలుసు. పొద్దున్న లేవగానే గోడమీద క్యాలెండరు అంకెలు చదువుకుని, ఉంది, ఇంకా ఉంది అనుకునేవాడు. ఆ ఉన్నదాన్ని మూసెయ్యమంటోంది ఈవిడ. కాలవలో తూటికాడ తేలుకుంటూ పోతోంది. బాబాయి దాన్ని చూస్తున్నాడో లేదో తెలియదు, అటే ముఖం పెట్టి కాసేపు నిలబడ్డాడు. తరవాత వచ్చి వెనకసీటు ఎక్కి, రెండు చేతులూ కడ్డీ మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు చల్లపల్లి దాకా వెళ్ళి వచ్చారు. ఒక్క కుదుపు లేదు. నేను వెనకాలే తొక్కుతున్నాను. వాళ్ళిద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. నాలుగు మోకాళ్ళు ఒకేసారి లేస్తూ ఒకేసారి దిగుతూ పోతుంటే ఎండ మాట మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను.

మాఘమాసంలో గ్రూపు వాళ్ళు ఏటా అంతర్వేది దాకా తొక్కుతారు. అన్ని తరగతులూ కలిసి వెళ్ళేది ఆ ఒక్కరోజే. ఆ పొద్దున్న గడియారస్తంభం దగ్గరికి పిన్ని నేత చీర బిగించి కట్టుకుని, కాన్వాసు బూట్లు తొడుక్కుని, వెనక బాబాయితో వచ్చి ఆగింది.  ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. పిన్ని అటు చూసింది, మళ్ళీ ఇటు చూసింది, అంతే. డాక్టరుగారు దగ్గరికి వచ్చి, పెద్దవాళ్ళు రావడం సంతోషమేనండి గాని రెండు సీట్ల బండి రైడు లెక్కలోకి రాదండి, మీరు వెనకాల మీ తీరికని బట్టి రండి అన్నారు. బాబాయి చిన్నగా నవ్వి, అలాగేనండి అన్నాడు. ఆ రూలు ఒకప్పుడు బాబాయి పెట్టిందే.

బోడసకుర్రు వంతెన ఎక్కేటప్పుడు అందరూ వాళ్ళని దాటిపోయారు. మామూలు సైకిళ్ళు దాటాయి. తహసీల్దారుగారు బ్యాటరీ మీద కాళ్ళు కూడా కదపకుండా దాటుతూ, ఇంత భాగ్యం తనకి వస్తుందనుకోలేదన్నట్టు నమస్కారం పెట్టారు. ఇద్దరి బరువు, దానికి రిక్షా ఇనుము బరువు, నడిమికి చేరేసరికి పిన్ని ఒళ్ళంతా చెమట. అక్కడ ఆగి మంచినీళ్ళు తాగుతారనుకున్నాను. ఆగలేదు. అవతలివైపు వాలు మొదలైంది. ఎక్కేటప్పుడు ఎంత బరువు వెనక్కి లాగిందో దిగేటప్పుడు అంత బరువూ ముందుకి తోసింది. నేను బ్రేకు నొక్కుతూ దిగుతుంటే, ఆ ఆకుపచ్చ బండి నా పక్కనుంచి రాయి విసిరినట్టు పోయింది. పిన్ని బ్రేకు పట్టలేదు. బాబాయి వీపు వంచి, ఆవిడ వీపుకి తల ఆనేటంత దగ్గరగా పెట్టుకుని, రెండు కళ్ళూ మూసుకుని ఉన్నాడు. ముందు ఎవరి చక్రం కనబడినా ఓర్చుకోలేని మనిషి, తన చేతిలో హ్యాండిలు లేదు, బ్రేకు లేదు, చూపు లేదు, మేమెవరం దిగడానికి సాహసించని వేగంతో ఇంకొకరి చేతుల్లో దిగిపోతున్నాడు. ముఖం మాత్రం నిద్రపోతున్న పసిపిల్లాడి ముఖంలా ఉంది.  దేవుడి రథం పోతుంటే చేతులు వాటంతటవే లేస్తాయి చూడండి, నా చేతులు అలా లేవబోయి, హ్యాండిలు గుర్తొచ్చి ఆగాయి.

తాటిపాక, రాజోలు దాటాక రోడ్డు చదును. నాలుగు కాళ్ళు తొక్కుతుంటే ఎదురుగాలి ఒక్క మనిషికే తగులుతుంది కాబట్టి చదునులో జంట సైకిలుకి ఎదురులేదని అప్పుడు తెలిసింది. మామూలు సైకిళ్ళన్నిటినీ, లావుటైర్లనీ దాటేశారు. నేను ఎలాగో వాళ్ళ వెనక అంటిపెట్టుకుని ఉన్నాను. సఖినేటిపల్లి దాటేసరికి పొద్దెక్కింది. సముద్రపు గాలి ఎదురు తిరిగింది. రెండు వైపులా రొయ్యల చెరువులు, ఆపటానికి ఒక చెట్టు లేదు. ఆ గాలిలో దూరంగా ఒక్కరే, తల కిందికి వేసుకుని, నడిచినంత నెమ్మదిగా తొక్కుకుంటూ డాక్టరుగారు కనబడ్డారు. ఆయన సన్నటైర్ల మిత్రులు, అందరూ ఆయనకంటే చిన్నవాళ్ళు, వదిలేసి వెళ్ళిపోయారు. ఆ ఎముక అతికినా భుజం ఇంకా సరిగా లేదు.

మేం దగ్గరవుతుంటే బాబాయి తల పక్కకి వంచి విన్నాడు. "ఆ టకటకలు డాక్టరుగారి బండివి కదూ" అన్నాడు. పిన్ని "ఆయ్" అంది. వేగం తగ్గించమని కాలితోనే చెప్పాడనుకుంటాను, ఇద్దరూ ఒకేసారి నెమ్మదించారు. పక్కకి వచ్చాక బాబాయి కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"రండి డాక్టరుగారూ. మా వెనక గాలి తగలదు. ఈసారి హ్యాండిలు నా చేతిలో లేదులెండి, భయపడకండి."

  డాక్టరుగారు పక్కకి జరిగి, బుట్టా బెల్లూ స్టాండూ ఉన్న ఆ బండి వెనక దూరారు. ఆయన వెనక నేను. ఇంకో మైలు పోయాక, బ్యాటరీ అయిపోయి, గేదెలా బరువైన బండిని ఉత్తకాళ్ళతో తొక్కలేక రోడ్డువార నిలబడ్డ తహసీల్దారుగారు కనబడితే పిన్ని బెల్లు కొట్టి ఆయన్నీ రమ్మంది. అలా అన్ని తరగతులూ ఒక వరసగా అంతర్వేది చేరాం. ఆ దారిపొడుగునా నా ముఖానికి గాలి తగల్లేదు. గాలి మొత్తం ఒక ఆవిడ ముఖాన తగిలింది.

లైట్‌హౌస్ అవతల గోదావరి సముద్రంలో కలిసేచోట ఇద్దరూ ఇసకలో కూర్చున్నారు. నీళ్ళ రంగులు ఎక్కడ మారుతున్నాయో పిన్ని చెబుతోంది. బాబాయి వింటున్నాడు. డాక్టరుగారు రెండు కొబ్బరిబోండాలు తెచ్చి, ముందు పిన్నికి ఇచ్చి, తరవాత బాబాయి చెయ్యి పట్టుకుని అందులో పెట్టారు. వచ్చే ఆదివారం ఎన్నింటికండి అని అడిగారు. బాబాయి ఆ ప్రశ్నని పిన్ని వైపు తిప్పాడు. అన్నం కూరా అయ్యాక అంది పిన్ని.

ఆ తరవాత చాలా ఏళ్ళు తొక్కారు. వాళ్ళ వెనక చోటుకోసం సన్నటైర్ల వాళ్ళు, లావుటైర్ల వాళ్ళు పోటీ పడటం కూడా చూశాను, మనుషులు కదా మరి. కిందటేడు పిన్నికి మోకాలి ఆపరేషను అయ్యాక మానేశారు. ఇప్పుడు సాయంత్రాలు కాలవ దాకా నడిచి వస్తారు. బాబాయికి వెలుతురు కూడా తెలియడం లేదు. ఈమధ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, చూపు పూర్తిగా ఎప్పుడు పోయింది బాబాయ్ అని అడిగాను. అడగకూడని మాటే, నోరుజారింది. ఆయన నొచ్చుకోలేదు, నిజంగానే గుర్తు తెచ్చుకోబోయాడు.

"ఏ రోజో నాకు తెలీదురా అబ్బాయ్. ఆ రోజు కూడా మీ పిన్నీ నేనూ ఎక్కడికో బయల్దేరే ఉంటాం" అన్నాడు.

కాలం దేన్ని ఎప్పుడు పట్టుకుపోతుందో ముందుగా చెప్పదని మనం ఎప్పుడూ నొచ్చుకుంటాం. ఒక్కోసారి చెప్పకుండా పట్టుకుపోవడమే అది మనకి చేసే మర్యాదేమోనని ఆ సాయంత్రం ఇంటికి వస్తూ అనుకున్నాను.